మీటింగ్‌లో 'సరే', బయటికొచ్చాక 'చూద్దాంలే'

నేను టీమ్ లీడ్ అయిన మూడో వారం. సోమవారం ఉదయం మీటింగ్‌లో ఒక పని అప్పగించి, శుక్రవారానికి అయిపోవాలన్నాను. ఎవరూ ఔననలేదు, కాదనలేదు. ఎనిమిదిమందీ తలతిప్పి మూలన కూర్చున్న సీనియర్ వైపు చూశారు. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "సరే, చూద్దాం" అన్నాడు. అప్పుడు గానీ ఎవరి పెన్నూ కదల్లేదు.

మర్నాడు కారిడార్‌లో ఆయన ఇద్దరితో అంటున్న మాట నా చెవిన పడింది. "శుక్రవారానికి ఎక్కడవుతుందిలే, తొందరపడకండి. కొత్త కదా, నేర్చుకుంటాడు."

ఇందులో ఫిర్యాదు చేయడానికి ఏముంది? 'సరే, చూద్దాం అన్నాడండీ' అని హెచ్ఆర్‌కు మెయిల్ పెడితే నవ్విపోతారు. కానీ శుక్రవారానికి పని కాలేదు. ఆ తర్వాతి వారం నేను ఏ తేదీ చెప్పినా అందరూ ముందు ఆయన మొహం చూడటం అలవాటైపోయింది. టీమ్‌లో మన మాట చెల్లకుండా చేసేవాళ్లతో వచ్చే చిక్కు ఇలాగే ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏ సంఘటనా తప్పు కాదు, అన్నీ కలిపితే కుర్చీలో మనం ఉంటాం, టీమ్‌ను నడిపేది మరొకరవుతారు.

హోదా ఒకటి, పలుకుబడి ఒకటి

తెలుగులో ఈ రెంటికీ విడివిడిగా మాటలు ఉండటం మన అదృష్టం. హోదా ఆర్డరు కాగితంతో వస్తుంది. పలుకుబడి కాగితంతో రాదు. అది ఎదుటివాళ్లు ఇస్తేనే ఉంటుంది.

అమెరికాలో న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ కంపెనీకి అధ్యక్షుడిగా చేసిన చెస్టర్ బార్నార్డ్ 1938లోనే ఈ సంగతి తేల్చి చెప్పాడు. ఆయన లెక్కలో అధికారం ఆజ్ఞ ఇచ్చేవాడి దగ్గర ఉండదు, పుచ్చుకునేవాడి దగ్గర ఉంటుంది. పుచ్చుకునేవాడు దాన్ని ఒప్పుకోవాలంటే నాలుగు కుదరాలన్నాడు. చెప్పింది అర్థం కావాలి. అది సంస్థ ఉద్దేశానికి అడ్డం కాదనిపించాలి. తన సొంత ప్రయోజనానికి మరీ విరుద్ధంగా ఉండకూడదు. చేసే శక్తి తనకుండాలి. ఈ నాలుగింట్లో ఏది లోపించినా ఆజ్ఞ గాల్లో కలిసిపోతుంది, ఇచ్చింది ఎంత పెద్దవాడైనా సరే. నా శుక్రవారం గడువులో నాలుగోది లోపించింది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, దానికి తర్వాత వస్తాను.

1959లో జాన్ ఫ్రెంచ్, బెర్ట్రామ్ రేవెన్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వవేత్తలు మనిషి మాట చెల్లడానికి ఐదు ఆధారాలున్నాయన్నారు. పదవి, బహుమతి ఇవ్వగలగడం, శిక్షించగలగడం, విషయ పరిజ్ఞానం, ఆ మనిషి మీద ఉండే అభిమానం. కొత్తగా లీడ్ అయినవాళ్లకు మొదటి మూడూ ఎంతోకొంత చేతికొస్తాయి. చివరి రెండూ చాలాసార్లు ఎన్నేళ్లుగానో అక్కడే ఉన్న సీనియర్ దగ్గర ఉంటాయి. అందుకే "ఇక్కడ లీడ్ నేను" అని గట్టిగా అన్న మరుక్షణం మనిషి మరింత లోకువైపోతాడు. పలుకుబడి పోయినచోట హోదా తీసి చూపిస్తే, చేతిలో అదొక్కటే మిగిలిందని అందరికీ తెలిసిపోతుంది.

ఏది తవ్వడం, ఏది వాదించడం

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేనూ పడ్డాను. మీటింగ్‌లో ముఖం మీదే "ఇది తప్పు నిర్ణయం" అన్నవాడు మన కింద మట్టి తవ్వుతున్నట్టు కాదు. వాడు మనకు మేలు చేస్తున్నాడు, వినడానికి ఎంత కష్టంగా ఉన్నా.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లోని నర్సుల బృందాలను పరిశీలించింది. మంచి బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది. నాయకత్వం బాగున్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివాళ్లు పొరపాటు జరిగితే భయపడకుండా చెప్పేవాళ్లు. మిగతాచోట్ల దాచేవాళ్లు. ఎదురుమాట వినపడని టీమ్‌ను చూసి మురిసిపోయే మేనేజర్లు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

మరి తేడా ఎలా పట్టాలి? నేను చూసేవి రెండే. ఆ మాట గదిలో అన్నాడా, గది బయటా? నిర్ణయం అయిపోయాక దానికి చేయి కలిపాడా, లేదా? గదిలో గట్టిగా పోట్లాడి, ఓడిపోయి, తర్వాత పనిలో దిగినవాడిని నెత్తిన పెట్టుకోవాలి. గదిలో తలూపి బయట చాప కింద నీరులా పాకేవాడి గురించే ఈ వ్యాసం.

ఇంకొక హద్దు కూడా ముందే గీసుకోవాలి. వేధింపు మీదో, లెక్కల్లో మోసం మీదో, ప్రాణానికి ముప్పు తెచ్చే పని మీదో ఎవరైనా మనల్ని దాటి పైకి వెళ్తే అది ధిక్కారం కాదు. ఆ ఫిర్యాదు మన మీదే అయినా సరే. దానికి కక్ష తీర్చుకోబోతే చాలా దేశాల్లో చట్టం మన మీదికే వస్తుంది.

తవ్వేవాళ్లు ఎలా తవ్వుతారో తెలియాలంటే ఒక తమాషా పత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ ఒక చిన్న పుస్తకం తయారు చేసింది. శత్రువు చేతిలో ఉన్న దేశాల్లో మామూలు ఉద్యోగులు ఎవరికీ దొరక్కుండా పనులు ఎలా చెడగొట్టవచ్చో అందులో రాశారు. యంత్రాల్లో ఇసుక పోయడం లాంటివి ఎలాగూ ఉంటాయి. ఆఫీసుల గురించిన సలహాలే అసలు రుచి. ప్రతిదీ పద్ధతి ప్రకారమే వెళ్లాలని పట్టుబట్టు, దగ్గరిదారి ఒప్పుకోకు. ఏ విషయాన్నైనా కమిటీకి పంపు, కమిటీలో ఐదుగురికి తగ్గకుండా చూడు. తీర్మానాల్లో ఒక్కో పదం మీదా పేచీ పెట్టు. కిందటి మీటింగ్‌లో తేలిపోయిన విషయాన్ని మళ్లీ తవ్వు.

చదువుతుంటే నాకు పాత ఆఫీసులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఇవన్నీ పైకి శ్రద్ధలాగే కనిపిస్తాయి, వాటి బలమంతా అక్కడే ఉంది. ఇదే పని ఏ కుట్రా లేకుండా, కేవలం జాగ్రత్త కొద్దీ చేసేవాళ్లు కూడా బోలెడంతమంది ఉంటారు. కాబట్టి ఎదుటివాడి మనసులో ఏముందో కనిపెట్టే పని పెట్టుకోకూడదు. ఏం జరిగింది, దానివల్ల ఏ పని ఎన్నిరోజులు ఆగింది అన్నంతవరకే చూడాలి.

ఆశపడిన కుర్చీ

మాట చెల్లనివ్వని మనిషిని వెతికి చూస్తే, చాలాసార్లు ఆ కుర్చీ తనకొస్తుందని ఆశపడినవాడే దొరుకుతాడు. దీనికి చరిత్రలో నాకు తెలిసినంతలో అబ్రహాం లింకన్ ఆఫీసును మించిన ఉదాహరణ లేదు.

1860లో అమెరికా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం విలియం సీవార్డ్‌కే అని అందరూ అనుకున్నారు. న్యూయార్క్ గవర్నరుగా, సెనేటరుగా చేసినవాడు. లింకన్ అనుభవం చూస్తే జాతీయ స్థాయిలో ప్రతినిధుల సభలో ఒక్క విడత. అయినా లింకన్ గెలిచాడు, గెలిచి సీవార్డ్‌నే విదేశాంగ మంత్రిని చేశాడు. పదవి చేపట్టి నెల కూడా తిరగకముందే, 1861 ఏప్రిల్ 1న, సీవార్డ్ అధ్యక్షుడి చేతికి ఒక కాగితం పంపాడు. నెలరోజులవుతున్నా మనకొక విధానం లేదు, ఏ విధానం పెట్టుకున్నా దాన్ని ఎవరో ఒకరు దగ్గరుండి నడిపించాలి, ఆ బాధ్యత నేను కోరను గానీ తప్పించుకోను కూడా అని దాని సారాంశం. అంటే, పేరు నీది, పెత్తనం నాది.

మనలో ఎవరికైనా ఇలాంటి మెయిల్ వస్తే ఏం చేస్తాం? పైవాళ్లను సీసీలో పెట్టి జవాబిస్తాం. లింకన్ అదే రోజు కొద్ది మాటల్లో జవాబు రాశాడు. చేయాల్సిందేదైనా ఉంటే అది నేనే చేయాలి అని అందులో ఉంది. ఆ ఉత్తరం లింకన్ కాగితాల్లోనే దొరకడంతో, పంపకుండా నోటితోనే చెప్పి ఉంటాడని చరిత్రకారులు భావిస్తారు. సీవార్డ్‌ను నలుగురిలో పలచన చేయలేదు, మంత్రి పదవిలోంచి తీయలేదు. రెండు నెలలు తిరిగేసరికి సీవార్డ్ తన భార్యకు రాసిన ఉత్తరంలో మా అందరిలోకీ అధ్యక్షుడే ఉత్తముడని రాశాడు. చివరిదాకా లింకన్‌కు అత్యంత ఆప్తుడిగా మిగిలాడు.

నేను లింకన్‌ను కాను గనుక నాకు రెండు నెలలు పట్టింది, ఆ సీనియర్‌తో విడిగా మాట్లాడటానికే. మొహమాటం. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను మరి. మొదట ఒక కాగితం మీద "మీరు నన్ను గౌరవించడం లేదు" అని రాసుకుని, కొట్టేశాను. ఆ మాటకు ఎవరైనా "అయ్యో, అదేం లేదే" అంటారు, సంభాషణ అక్కడితో సరి. చివరికి గదిలో కూర్చుని చెప్పింది ఇది.

"సోమవారం మీటింగ్‌లో తేదీకి సరేనన్నారు. మంగళవారం ఇద్దరితో తొందరపడొద్దన్నారు. మీ అభ్యంతరం నాకు మీటింగ్‌లోనే కావాలండీ."

చెప్పి ఊరుకున్నాను. ఇంకో నాలుగు ముక్కలు కలిపి దాన్ని మెత్తగా చేయాలని నాలుక పీకింది. అలా చేస్తే చెప్పిన ముక్క కరిగిపోతుందని పళ్ల బిగువున ఆపుకున్నాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశాడు. "ఆ పోస్టు నాకొస్తుందనుకున్నాను" అన్నాడు. ఇంకాసేపాగి, "అయినా నువ్వు చెప్పిన తేదీ నిజంగానే కుదరదు. మధ్యలో పక్క టీమ్ అనుమతి కావాలి, దానికే రెండు రోజులు పోతాయి. నన్నొక్కమాట అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు.

అడగలేదు. లీడ్ అన్నవాడు అడిగితే చిన్నతనమనుకున్నాను.

తర్వాతి మీటింగ్‌లో తేదీ మార్చాను, ఎవరి మాట మీద మార్చానో పేరు పెట్టి చెప్పాను. పక్క టీమ్‌తో వ్యవహారమంతా ఆయనకే అప్పగించాను. ఇది లొంగిపోవడం కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. విషయ పరిజ్ఞానం ఆయన దగ్గరుందన్నది నిజం, నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఒప్పుకుంటే అది టీమ్‌కు పనికొస్తుంది, లేకపోతే నా మీద పనిచేస్తుంది.

అన్ని కథలూ ఇలా తిరగవు. లింకన్ మంత్రివర్గంలోనే ఆర్థికమంత్రి సాల్మన్ ఛేజ్ ఇంకో రకం. ఎదురుగా ఏమీ అనడు. బయట సెనేటర్లతో మాత్రం, అధ్యక్షుడు మంత్రులను సంప్రదించడం లేదని, సీవార్డ్ చెప్పిందే వేదమని చెప్పుకొచ్చేవాడు. 1862 డిసెంబరులో ఆ సెనేటర్లు సీవార్డ్‌ను తొలగించాలంటూ లింకన్ దగ్గరికొచ్చారు. లింకన్ వాదన పెట్టుకోలేదు. మర్నాడు మళ్లీ రమ్మని, సీవార్డ్ తప్ప మిగిలిన మంత్రులందరినీ అదే గదిలో కూర్చోబెట్టి, మనలో సంప్రదింపులు జరగడం లేదా అని అందరి ముందూ అడిగాడు. ఛేజ్ ఇరుకునపడ్డాడు. బయట అన్నది ఇక్కడ అనలేడు, ఇక్కడ నిజం చెప్తే బయట అన్నది అబద్ధమవుతుంది. మొత్తానికి నసుగుతూ సంప్రదింపులు జరుగుతున్నాయనే ఒప్పుకున్నాడు. మర్నాడు రాజీనామా పట్టుకొచ్చాడు. సీవార్డ్ రాజీనామా అప్పటికే లింకన్ చేతిలో ఉంది. రెండూ తిరస్కరించి ఇద్దరినీ ఉంచుకున్నాడు.

ఇందులో గమనించాల్సింది, లింకన్ ఛేజ్‌ను దోషిగా నిలబెట్టి నిలదీయలేదు. అందర్నీ ఒకే ప్రశ్న అడిగాడు. మన మీటింగుల్లోనూ ఇదే పనికొస్తుంది. "అభ్యంతరాలున్నాయా?" అని గాల్లోకి అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి "మీకు ఇందులో ఏది కుదరదనిపిస్తోంది?" అని అడగాలి. ఏమీ లేదన్నాక, ఏం నిర్ణయించామో, ఎవరు ఏ తేదీకి చేస్తారో రెండు లైన్ల మెయిల్ ఆ రోజే వెళ్లిపోవాలి. దానికొక ప్రయోజనముంది. ఆ మెయిల్ తర్వాత కారిడార్‌లో పుట్టే మాట తన దారినే వెనక్కొస్తుంది. "మరి మీటింగ్‌లో చెప్పలేదేం?" అని తోటివాళ్లే అడుగుతారు. మనం అడగనక్కర్లేదు.

ఇక నలుగురిలో వెటకారం చేస్తే? దీనికి పెద్ద శాస్త్రం లేదు. మాటలో పని గురించిన ముక్క ఉంటే దానికి జవాబు చెప్పాలి. మన గురించైతే "అది తర్వాత విడిగా మాట్లాడదాం" అని పనిలోకి వెళ్లాలి, నిజంగానే తర్వాత విడిగా మాట్లాడాలి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు, ఆ 'తర్వాత' ఎప్పటికీ రాకపోతే టీమంతా చూస్తుంది.

పైవాడి తలుపు

ఈ వ్యవహారంలో ఉండేది ఇద్దరే అనుకుంటాం. మూడోవాడున్నాడు, మన పై మేనేజరు. మన టీమ్ మనిషి మనల్ని దాటి ఆయన దగ్గరికెళ్లి ఒక నిర్ణయాన్ని మార్పించుకున్నాడంటే, ఆ రోజుతో మన మాటకు విలువ పోయినట్టే. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. తలుపు తెరిచి ఉంచడం మంచి మేనేజరు లక్షణమనుకునేవాడు అయితే చాలు. ఆయనతో దీర్ఘంగా మొరపెట్టుకోవడం వల్ల లాభం లేదు, మనమే చేతకానివాళ్లలా కనిపిస్తాం. ఒక్కటి అడిగితే చాలు. "పని విషయం మీద ఎవరైనా మీ దగ్గరికొస్తే, ముందు నాతో మాట్లాడారా అని అడగండి. నా మీద ఫిర్యాదైతే మాత్రం తప్పకుండా వినండి." ఆ రెండో వాక్యం ఉంటేనే మొదటిదానికి బలం. ఈ సాయం కూడా చేయని పైవాడుంటే, నిజం చెప్పాలంటే, కింద ఎన్ని చిట్కాలు వేసినా ఒరిగేది తక్కువ.

అన్నీ అయ్యాక కూడా మారకపోతే కాగితం మీదికి రావాల్సిందే. ఇక్కడ 1951 సంగతొకటి చెప్పుకోవాలి. కొరియా యుద్ధంలో అమెరికా సేనాధిపతి డగ్లస్ మెకార్థర్ తన దేశాధ్యక్షుడు ట్రూమన్ విధానానికి విరుద్ధంగా బాహాటంగా మాట్లాడుతూ వచ్చాడు. 1950 డిసెంబరు 6న ట్రూమన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. విదేశాంగ, సైనిక విధానాల మీద ఏ ప్రకటనైనా ముందుగా వాషింగ్టన్ అనుమతి పొందాలని అందులో ఉంది. ఎవరి పేరూ లేదు. 1951 మార్చి చివర్లో, ట్రూమన్ శాంతి చర్చలకు రంగం సిద్ధం చేస్తుండగా, మెకార్థర్ సొంతంగా చైనాను హెచ్చరిస్తూ ప్రకటన చేశాడు. ఏప్రిల్ 5న ఆయన రాసిన విమర్శల ఉత్తరాన్ని ప్రతిపక్ష నాయకుడు సభలో చదివాడు. ట్రూమన్ అప్పటికప్పుడు తీసిపారేయలేదు. సేనాధిపతులను, ముఖ్యమైన మంత్రులను అడిగాడు, వాళ్లు ఔనన్నాకే ఏప్రిల్ 11న తొలగించాడు. దేశం భగ్గుమంది. మెకార్థర్‌కు న్యూయార్క్‌లో జనసముద్రం స్వాగతం పలికింది. ఆ తర్వాత సెనేట్ విచారణలో సేనాధిపతులు ట్రూమన్ పక్షానే సాక్ష్యం చెప్పడంతో ఆ హోరు క్రమంగా చల్లారింది.

ఆఫీసు స్థాయికి దించితే ఇందులో మూడు సంగతులున్నాయి. నియమం గొడవ ముదరకముందే, అందరికీ ఒకేలా, రాతలో ఉంది. చర్యకు ముందు పైవాళ్లు, పక్కవాళ్లు కలిసొచ్చారు. ఎంత సరైన పనైనా కొంత చెడ్డపేరు తప్పదని ముందే తెలుసు. మన వార్నింగ్ లెటర్లలో ఎక్కువ భాగం మొదటి అడుగులోనే తేలిపోతాయి, ఎందుకంటే వాటిలో 'ప్రవర్తన సరిగా లేదు' అని ఉంటుంది. తేదీ, అన్న మాట లేదా చేసిన పని, దానివల్ల ఆగింది ఏమిటి, ఇకపై ఏం చేయాలి, ఎప్పటికల్లా. హెచ్ఆర్‌వాళ్లకు కావాల్సింది ఇంతే. చాటుగా మంచి పనులు లాగేసుకోవడం, అప్రైజల్‌లో దెబ్బకొట్టడం మాత్రం వద్దు. అది మనం వాళ్ల కింద తవ్వే గొయ్యి.

నా తప్పు ఇంకొకటి చెప్పాలి. పైనుంచి నాకు నచ్చని నిర్ణయం వచ్చినప్పుడల్లా టీమ్ దగ్గరికొచ్చి "ఏం చేస్తాం, పైవాళ్లు చెప్పారు, మనకు తప్పదు కదా" అనేవాణ్ణి. వాళ్లలో ఒకడిలా కనిపించాలని. పైన మీటింగ్‌లో మాత్రం తలూపి వచ్చేవాణ్ణి. గదిలో ఒకటి, బయట ఒకటి. ఆ సీనియర్‌కు నేనిచ్చిన ట్రైనింగ్ అది, లేదా ఆయన దగ్గరే నేను నేర్చుకున్నానేమో, ఇప్పుడు తేల్చడం కష్టం.

ఇప్పటికీ సోమవారం మీటింగ్‌లో నేనొక తేదీ చెప్పగానే ఒకరిద్దరి చూపు ఆ మూలకు వెళ్తుంది. ఆయన ఫోన్ బల్ల మీద బోర్లించి ఉంటుంది. ఒక్కోసారి తలూపుతాడు. ఒక్కోసారి "ఇది బుధవారానికి అవదు, ఎందుకో చెప్తా విను" అంటాడు, అందరి ముందూ.